గడ్డిపరక తగిలిన చోటు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే నాకూ సుఖం, చదివేవాళ్ళకీ సుఖం. ఏలూరులో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్ టీచరుగా చేరిన కొత్తల్లో నా మెడలో ఎప్పుడూ ఒక ఈల వేలాడుతుండేది. మనకంటూ రాష్ట్రం వచ్చిన కొత్తలవి. కుచ్చెళ్ళు పైకి దోపుకుని, ఎండలో నిలబడి, "వన్, టూ, త్రీ" అని గొంతు చించుకునేదాన్ని. చెయ్యి ఎత్తడం ఒక్క క్షణం ఆలస్యమైన పిల్లని చివరిదాకా చేతులు పైకెత్తించే నిలబెట్టేదాన్ని. పిల్లలు నన్ను 'ఈల టీచరమ్మ' అనేవారు. నా వెనకాల ఇంకేం అనేవారో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

మా మేనమామ తాడేపల్లిగూడెంలో ఉండేవాడు. రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉండగా నడుము పట్టేసి మంచాన పడితే, ఎవరో ముసలాయన ఆసనాలు నేర్పి లేపి కూర్చోబెట్టాడట. అప్పటినుంచీ తనూ పదిమందికీ నేర్పేవాడు. ఆదివారాలు పాసింజరు రైలెక్కి నేనూ వెళ్ళేదాన్ని. నాకు కావలసింది శీర్షాసనం. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చే ఆఫీసరమ్మల ముందు మా పిల్లలచేత వేయించి పేరు కొట్టేయాలని నా ఆశ.

మావయ్య శీర్షాసనం మాటే ఎత్తలేదు. మొదటి రోజు చాప మీద వెల్లకిలా పడుకోమన్నాడు. "మడమలు నేలకి తగిలాయా?" అన్నాడు. తగలక ఆకాశంలో ఉంటాయా అన్నాను. "రెండూ ఒకేలా తగిలాయా? తొందరలేదు, చూసుకుని చెప్పు" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. ఇరవయ్యెనిమిదేళ్ళదాన్ని, ట్రైనింగు పాసైనదాన్ని, మడమలు లెక్కపెట్టుకోవడానికా టిక్కెట్టు కొనుక్కుని వచ్చింది? మూడో ఆదివారం మాత్రం ఒక సంగతి జరిగింది. పడుకుని ఉండగా నా భుజాలు చెవులదాకా బిగుసుకుని ఉన్నాయని తెలిసింది. ఎన్నేళ్ళనుంచి అలా ఉన్నాయో ఏమో. అవి కిందికి దిగుతుంటే ఎందుకో ఏడుపొచ్చింది. మావయ్య లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టాడు.

"వంగడం ఎవడైనా నేర్పుతాడమ్మాయ్. వంగుతున్నప్పుడు ఒంట్లో ఏం జరుగుతోందో తెలియాలి. అదీ విద్య" అనేవాడు. ఆయన పాఠంలో ఒక ఆట ఉండేది. కళ్ళు మూసుకోమనేవాడు. గడ్డిపరకతో వేలి మీదో, అరచేతి మీదో, పాదం మీదో మెల్లగా తాకి, ఎక్కడ తగిలిందో చెప్పమనేవాడు. మధ్యమధ్యలో ఎక్కడా తాకకుండానే "ఇప్పుడు?" అనేవాడు. తగలకపోతే తగల్లేదని చెప్పాలి. "అదే కష్టం మనవాళ్ళకి. అడిగినవాడు చిన్నబుచ్చుకుంటాడేమోనని తగిలిందనేస్తారు" అని నవ్వేవాడు. ఇది చిన్నపిల్లల ఆటని నాకు చులకన. ఇంటికొచ్చి నేను పాఠం మొదలుపెట్టినప్పుడు దాన్ని వదిలేశాను.

పాఠం అంటే బడిలో కాదు, మా ఇంటి దొడ్లో. మా వీధి ఆడవాళ్ళు నలుగురు వచ్చేవారు. ఒకరికి నడుం నొప్పి, ఒకరికి మోకాళ్ళు, ఒకరికి ఆయాసం. నాలుగో ఆవిడకి ఏ నొప్పీ లేదు, వీధి కబుర్లకోసం వచ్చేది. ఆదివారం పొద్దున్న వంటలు కాకముందు ఒక గంట. మళ్ళీ రైలెక్కాలి కాబట్టి నాకు తొందర. మావయ్యలాగే "ఏం తెలుస్తోంది?" అని అడిగి చూశాను. వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని కిసుక్కుమన్నారు. నాకెక్కడి ఓపిక! "నొప్పిగా ఉందా, లేదా?" అని అడగడం మొదలుపెట్టాను. లేదండీ అంటే ముందుకెళ్ళడం, ఉందండీ అంటే ఆగడం. పని సులువైంది.

చేపలావిడ మా దొడ్లోకి వచ్చింది ఆ రోజుల్లోనే. కొల్లేటి లంకలో వాళ్ళ ఊరు. తాటిమాను తొలిచి చేసిన దోనె మీద తెల్లవారుజామున ఒడ్డుకొచ్చి, అక్కడినుంచి తట్ట నెత్తిన పెట్టుకుని ఏలూరుదాకా నడిచొచ్చేది. నాకంటే పదేళ్ళు పెద్ద. అయినా నేను 'నువ్వు' అనేదాన్ని, ఆవిడ నన్ను 'మీరు' అనేది. అప్పటి మర్యాదలు అలా ఏడిశాయి.

ఆవిడ నడక చూస్తే నాకు అసూయ. చుట్టకుదురు మీద తడి తట్ట, తట్ట నిండా జెల్లలు, కొరమేనులు. మెడ కదలదు, నడుం బిగవదు, ఒక చెయ్యి ఊరికే ఊగుతూ ఉంటుంది. నేను ఎంత ఈల ఊదినా నేర్పలేనిది ఆవిడ రోజూ మా వీధిలో అమ్ముకుంటూ పోతోంది. మా బడికి తీసుకెళ్ళి పిల్లలకి చూపిద్దామంటే, హెడ్‌మిస్ట్రెస్ ముక్కు మీద రుమాలు పెట్టుకుని, "మీకేమైనా మతి పోయిందాండీ?" అన్నారు. ఒకరోజు ఆవిణ్ణే అడిగాను, ఎలా నడుస్తావే అలాగ అని.

"ఏముందండీ టీచరమ్మగారండీ. తట్ట ఉందని మర్చిపోకూడదండీ. ఉందుందని తల్చుకుంటా ఉండకూడదండీ. అంతేనండీ" అంది.

మావయ్య ఆరు నెలలుగా నాకు చెబుతున్నది ఇదే. ఆ మాట ఆయనకి చెబితే, "ఆవిణ్ణి నాకొకసారి చూపించమ్మాయ్" అన్నాడు. చూపించే నాటికి ఏడాది దాటింది.

పాఠానికి నన్నూ రానిస్తారా అని ఆవిడే అడిగింది. ఎందుకు అంటే కుడిచెయ్యి చాపి చూపించింది. "ఈ చెయ్యి కాస్త మొద్దుబారినట్టుంటందండీ. పొద్దున్నే వల ముడెయ్యబోతే వేళ్ళు మాట వినవండీ. నాకున్నయ్యి ఈ చేతులేనండీ. బాగవుతాదంటారా?" అంది. ఆవిడ భర్త పోయి చాలాకాలమైంది. వల కట్టినా, దోనె తోసినా, చేప కోసినా ఆ చెయ్యే. నేను చెయ్యి చూడలేదు. తట్ట పట్టుకుని పట్టుకుని తిమ్మిరెక్కి ఉంటుందని అనుకున్నాను. "మూడు నెలలు క్రమం తప్పకుండా రా. నీ చెయ్యి నేను బాగుచేస్తాను" అన్నాను. ఎంత సులువుగా అన్నానో తల్చుకుంటే ఇప్పటికీ నా నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది.

మా ఆడవాళ్ళు చాపల దగ్గరికి రానివ్వలేదు. ఆవిడే ఒక గోనెసంచి తెచ్చుకుని నూతిగట్టు పక్కన వేసుకుంది. సగం అమ్మిన తట్ట మీద తడిగుడ్డ కప్పి, కళ్ళు మూసుకుని పడుకునేది. మిగతా నలుగురూ ఈగ వాలితే కదిలేవారు, ఈవిడ కదిలేది కాదు. "నొప్పిగా ఉందా?" అంటే "లేదండీ." ఇంకా వంచనా అంటే "వంచండి." ఎప్పుడడిగినా "బాగుందండీ." అంత మంచి శిష్యురాలు నాకు మళ్ళీ దొరకలేదని అందరితో చెప్పుకునేదాన్ని. పాఠం అయ్యాక "కాస్త తట్టెత్తండి టీచరమ్మగారండీ" అనేది. సగం తట్టయినా ఎవరూ ఒంటరిగా నెత్తికెత్తుకోలేరు. ఎదురుగా ఇంకో మనిషి ఉండాలి. నేనొకవైపు, ఆవిడొకవైపు పట్టుకుని ఎత్తేవాళ్ళం. తర్వాత నా చేతులు చేపల వాసన వేస్తే రెండుసార్లు కడుక్కునేదాన్ని.

ఒకనాడు తట్టలో మిగిలిన జెల్లల్ని సర్దుతూ ఉంది. జెల్ల ముల్లు గుచ్చుకుంటే మగవాళ్ళు కూడా కుయ్యోమొర్రోమని గంతులేస్తారు, ఆ సలుపు అలాంటిది. ఆవిడ చిటికెనవేలు కింద అరచేతిలో ముల్లు సగందాకా దిగి విరిగింది, నెత్తురు మణికట్టు మీదుగా కారుతోంది. ఆవిడ మాత్రం మా మోకాళ్ళావిడతో కొరమేను పులుసు సంగతి మాట్లాడుతూనే ఉంది. నేను చూసి కేకపెడితే అప్పుడు చూసుకుంది. "అయ్యో, నెత్తురండీ" అని, ముల్లు పీకేసి, చెయ్యి కొంగుకి తుడుచుకుంది.

నేనేం చేశానో చెప్పాలి. చప్పట్లు కొట్టాను. "చూశారా! మీరు చీమ కుడితే వీధికెక్కుతారు. ఈవిణ్ణి చూసి నేర్చుకోండి. నొప్పిని గెలవడం అంటే ఇదీ" అన్నాను. మర్నాడు బడిలో పిల్లలకి కూడా ఈ కథే చెప్పాను. ఇంకోసారి కాఫీ. ఆవిడకని విడిగా కిటికీలో పెట్టిన ఇత్తడి గ్లాసులో పొగలు కక్కే కాఫీ పోసి ఇచ్చాను. నేను కొంగుతో పట్టుకుని ఇచ్చిన గ్లాసుని ఆవిడ ఉత్త చేత్తో పట్టుకుని నిమ్మళంగా తాగింది. దానికీ మురిసిపోయాను. నా పాఠం ఎంత దూరం తీసుకెళ్ళిందో చూడమని మావయ్యకి ఉత్తరం కూడా రాశాను. జవాబు కార్డు మీద రెండే ముక్కలు రాశాడు. "వచ్చే ఆదివారం నేనే వస్తున్నాను. ఆవిణ్ణి ఉండమను."

వచ్చాడు. కాఫీ కూడా ముట్టుకోలేదు. ఆవిడ గోనెసంచి పక్కనే నేలమీద కూర్చుని, "అమ్మా, కళ్ళు మూసుకోండి. చిన్న ఆట" అన్నాడు. ఆవిణ్ణి 'మీరు' అన్న మొదటి మనిషి ఆయనే అయి ఉంటాడు. సిగ్గుపడుతూ కళ్ళు మూసుకుంది. నేను ఇవతల కూర్చున్నాను. ఆయన దొడ్లోంచి ఒక గడ్డిపరక తుంచి ఆవిడ ఎడమచేతి మీద తాకాడు.

"ఎక్కడ తగిలిందమ్మా?"

"చూపుడువేలండీ." సరిగ్గా చెప్పింది.

కుడిచేతి చిటికెనవేలి మీద తాకాడు. "తెలుస్తోందా?"

"తెలస్తందండీ."

"ఏ వేలు?"

"బొటనేలండీ" అంది.

ఉంగరంవేలు, అరచేయి, మణికట్టు వెలుపలి వైపు. ప్రతిదానికీ "తెలస్తందండీ" అనే అంది. ఏ ఒక్కటీ సరికాదు. చివరికి మావయ్య గడ్డిపరక కింద పడేశాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, "ఇప్పుడో?" అన్నాడు.

"తెలస్తందండీ. బాగుందండీ" అంది ఆవిడ. పెద్దాయన చిన్నబుచ్చుకోకూడదు కదా.

ఆయన మోచేతి వెనక వేలితో నొక్కి చూశాడు. అక్కడ నరం తాడంత లావున తగిలిందని తర్వాత చెప్పాడు. రవికె చెయ్యి కాస్త పైకి జరిపితే, దండచేతి వెనక రూపాయి బిళ్ళంత పాలిపోయిన మచ్చ. ఆయన గూడ్సు ఆఫీసులో ఒక పోర్టరుకి ఇలాగే మొదలైందట. నావైపు తిరిగి, గొంతు తగ్గించి, "అమ్మాయ్, ఇది పెద్దరోగం, కుష్ఠు. రేపే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఎన్నాళ్ళయింది ఈ చేతికి?" అన్నాడు.

ఆవిడకి ఆ మాట వినపడిందో లేదో నాకు తెలియదు. గొంతులో మార్పు మాత్రం తెలిసింది. కళ్ళు మూసుకునే, "ఏంటండీ? ఏమైందండీ టీచరమ్మగారండీ?" అంటూ కుడిచెయ్యి చాపి నా చెయ్యి పట్టుకుంది.

నేను లాగేసుకున్నాను.

ఆలోచించి చేసింది కాదు. నేను అనుకునేలోపే నా చెయ్యి నా వీపు వెనక్కి వెళ్ళిపోయింది. ఒంట్లో ఏం జరుగుతోందో తెలియడమే విద్య అని నలుగురికీ చెప్పుకు తిరిగినదాన్ని, నా ఒంట్లో అంత పిరికితనం ఉందని నాకే తెలియదు. ఆవిడ చెయ్యి మాత్రం అలాగే ఉంది. వేళ్ళు సగం ముడుచుకుని, దేన్నో పట్టుకున్నట్టే, గాల్లో. మావయ్య కళ్ళు తెరవమనేదాకా అలాగే ఉంది.

ఆయన మెల్లగా, దాచకుండా సంగతంతా చెప్పాడు. మందులున్నాయి, భయం లేదన్నాడు. ఆవిడ విని, "ఆయ్" అంది. లేచి గోనెసంచి మడిచింది. తట్ట దగ్గరికెళ్ళి నిలబడి, ఎత్తమని మాత్రం అడగలేదు. ఆ రోజు తట్ట ఎత్తింది మావయ్య. ఆవిడ వెళ్ళిపోయింది, అదే నడక. నేను నూతి దగ్గర కార్బాలిక్ సబ్బుతో చెయ్యి తోముకుంటుంటే మావయ్య చూశాడు.

మర్నాడు తీసుకెళ్ళానా? లేదు. బడిలో ఇన్‌స్పెక్షన్ అన్నాను. తర్వాత వానలన్నాను. ఆవిడే రావడం మానేసిందిగా అన్నాను. కబుర్లావిడ సంగతి వీధంతా చేరవేసింది కాబట్టి ఆవిడ వచ్చినా కొనేవాళ్ళు లేరు. మావయ్య మూడు కార్డులు రాశాడు. మూడోదానిలో "నువ్వు వెళ్తావా, నన్ను వెళ్ళమంటావా" అని ఉంది. అప్పటికి నాలుగు నెలలు గడిచాయి. అప్పుడు వెళ్ళాను.

కొల్లేట్లో నీళ్ళు తీస్తున్న కాలం. దోనె తోసే ఆయన లంక ఒడ్డున దింపి, ఎక్కడో చూపించి, తను మాత్రం రానన్నాడు. ఊరికి ఎడంగా తుంగతో కప్పిన చిన్న పాక. ఆవిడ బయట కూర్చుని వల ముందేసుకుని ఉంది. చిటికెనవేలూ ఉంగరంవేలూ అరచేతిలోకి ముడుచుకుపోయాయి. పొయ్యి మీంచి గంజికుండ దించుతూ కాల్చుకుందట, అరచెయ్యంతా పుండు. నన్ను చూసి గబుక్కున లేచి, ఆ చెయ్యి కొంగులో దాచుకుంది.

"మీరెందుకొచ్చారండీ ఇంత దూరం? అక్కడే ఉండండి, దగ్గరికి రాకండి. నాకేం నొప్పి లేదండీ" అంది.

నేను దగ్గరికి వెళ్ళాను. చెయ్యి బయటికి తీసి కట్టుకట్టాను. ఏడుస్తూ, "మీరు నాతో రావాలండీ" అన్నాను. ఆవిణ్ణి 'మీరు' అనడం అదే మొదలు.

రైల్లో వెళ్ళవలసిన దూరంలో ఆసుపత్రి. డాక్టరుగారు పెద్దాయన, మంచివాడు. రోగం మాత్రలతో నయమవుతుందన్నారు. కానీ ముడుచుకున్న వేళ్ళు చాచుకోవు, పోయిన స్పర్శ తిరిగి రాదు. బొటనవేలి వైపు మాత్రం కొంచెం తెలుస్తుంది, అది నిలబడుతుందన్నారు. "మొదట మొద్దుబారినప్పుడే తెచ్చి ఉంటే ఈ చెయ్యి దక్కేదమ్మా. అప్పుడెవరూ చూడలేదా?" అని అడిగారు. చూశానండీ, చప్పట్లు కొట్టానండీ అని చెప్పలేకపోయాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అనే సామెత ఎవరైనా నా ముందు అంటే ఇప్పటికీ లేచి వెళ్ళిపోతాను.

ఆవిణ్ణి అక్కడే ఉంచారు. ఆ తర్వాత నెలకో ఆదివారం నేను అక్కడికి వెళ్ళేదాన్ని. డాక్టరుగారి అనుమతితో అక్కడి ఆడవాళ్ళకి పాఠం చెప్పేదాన్ని. ఈల ఎప్పుడో తీసేశాను. చెయ్యి చెప్పలేనిది కన్ను చెప్పాలి. అదే పాఠం. పొద్దుగూకే ముందు అందరూ వసారాలో కూర్చుని, చేతులూ పాదాలూ వేలు వేలు తిప్పి చూసుకోవాలి. ఎక్కడ గీసుకుంది, ఎక్కడ బొబ్బెక్కింది, ఎక్కడ ముల్లుంది. గ్లాసు పట్టుకునే ముందు గుడ్డ చుట్టుకోవాలి. అడుగు తీసి అడుగు వేసేటప్పుడు పాదం ఎక్కడ పడుతోందో చూడాలి. "ఏం తెలుస్తోంది?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగడం అక్కడే నేర్చుకున్నాను. చేపలావిడే అందరికీ ముందుండి చూపించేది. ఖాళీ తట్ట నెత్తిన పెట్టుకుని వసారాలో ఆ చివరినుంచి ఈ చివరికి నడిచేది. ఆ నడక మాత్రం చెక్కుచెదరలేదు. ఆవిడ ఇక ఎప్పటికీ చేపలమ్మదని తెలిసీ ఆ నడక చూడటం నాకు కష్టంగా ఉండేది.

మావయ్య చనిపోయిన ఏడు, ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి కొత్తగా చేరిన ఒక పడుచుపిల్ల స్తంభానికి ఆనుకుని ఏడుస్తోంది. దిగబెట్టడానికి వచ్చిన మొగుడు ఎంతో దూరంలో నిలబడి, మూట నేలమీద పెట్టి, అటునుంచి అటే వెళ్ళిపోయాడట. చేపలావిడ పక్కన కూర్చుని ఓదారుస్తోంది.

"ఊరుకోవే తల్లీ. అందరూ ఒకలాగే ఉండరే. నా సంగతి బయటపడ్డ రోజున ఈ టీచరమ్మగారు నా చెయ్యి పట్టుకునే ఉన్నారు. వదిలితే ఒట్టు" అని, నావైపు తిరిగి, "కదండీ?" అంది.

ఆవిడకి నిజంగా తెలియదా? ఆ రోజు కళ్ళు మూసుకునే ఉంది. చేతికి స్పర్శ లేదు. నా చెయ్యి జారిపోయిన సంగతి తెలియకుండానే ఇన్నేళ్ళూ ఆ చెయ్యి తన చేతిలో ఉందనే అనుకుని ఉండవచ్చు. కానీ బొటనవేలి వైపు తెలుస్తుందని డాక్టరుగారే అన్నారు. పైగా గడ్డిపరక తగలకుండానే "తెలస్తందండీ, బాగుందండీ" అన్న మనిషి ఆవిడ. ఆవిడ మొహంలోకి ఎంత చూసినా నాకేమీ అంతుపట్టలేదు. నవ్వుతూ నా జవాబుకోసం చూస్తోంది. ఆ పిల్ల కూడా ఏడుపు ఆపి నావైపే చూస్తోంది.

తగలకపోతే తగల్లేదని చెప్పాలి అనేవాడు మావయ్య.

"అవునండీ, పట్టుకునే ఉన్నాను" అన్నాను.